ముందే నేర్చుకుని ఉంటే బాగుండేది అనిపించే పనులేవి? జెరాక్స్ కొట్టు నుంచి నా సమాధానం

ప్రశ్న అడిగిన తమ్ముడిది ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దు దగ్గరున్న గుణుపూర్. వయసు 26, ఉద్యోగం హైదరాబాద్‌లో. ఇంట్లో తెలుగు, చదువంతా ఇంగ్లీషు, ఒడియా గడగడా మాట్లాడతాడు గానీ చదవడం రాదు. "పెద్దవాళ్లు ముందే నేర్చుకుని ఉంటే బాగుండేది అనుకునేవి ఏమిటో చెబితే నేను ఇప్పుడే మొదలుపెడతాను" అని అడిగాడు. ఈత, వంట, కారు డ్రైవింగ్, షేర్ మార్కెట్, నలుగురిలో ఇంగ్లీషు మాట్లాడటం అని చాలామంది చెప్పారు. బాగానే చెప్పారు. ఈత మాత్రం తప్పకుండా నేర్చుకో, వంశధార ఒడ్డున పుట్టి ఈత రాదంటే ఎలా. (వయసులో చిన్నవాడివి కాబట్టి నువ్వు అంటున్నాను, ఏమీ అనుకోకు.)

నాది అదే సరిహద్దులో, పర్లాకిమిడిలో జెరాక్స్ కొట్టు. దరఖాస్తులు నింపుతాను, ఆన్‌లైన్ పనులు చేస్తాను, ఫోటోలు, లామినేషన్ కూడా ఉంది. షట్టర్ ఎత్తింది మొదలు దించేదాకా నా బల్ల మీదకి వచ్చేవన్నీ జనాల కాగితాలే: పట్టాలు, పాస్‌బుక్కులు, ఆధార్లు, ఆస్పత్రి చీటీలు, కరెంటు బిల్లులు. కాపీ తీస్తూ తీస్తూ చదివేయడం నాకు అలవాటైపోయింది, మంచి అలవాటో కాదో తెలీదు. "ఈ ముక్క ముందే తెలిసుంటే ఎంత బాగుండును బాబూ" అనే మాట నా బల్ల దగ్గర వినపడని వారం ఉండదు. ఆ మాట అన్నవాళ్లలో ఎక్కువమందికి తెలియాల్సిన ముక్క ఎక్కడో లేదు, వాళ్ల ఇంట్లో ట్రంకుపెట్టెలో ఉన్న కాగితం మీదే అచ్చయి ఉంది. ఎవరూ చదవలేదు, అంతే.

కాబట్టి నా సమాధానం ఒక్కటే. నీ పేరు మీద ఉన్న కాగితం నువ్వే చదువుకోవడం నేర్చుకో. చదువురాని వాళ్ల గొడవే ఇది అనుకోకు. ఇంజినీర్లు కూడా పట్టా తెచ్చి నా ముందు పెట్టి "ఇందులో ఏముందన్నా" అని అడుగుతారు.

ముందు లిపి సంగతి. మన సరిహద్దులో ఉన్న పెద్ద లోటు ఇదే. 1936లో ఒడిశా వేరే రాష్ట్రంగా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు వెళ్లింది, ఏటికి ఆ పక్కన ఉన్న పాతపట్నం ఇటే ఉండిపోయింది. మన తాతలు తెలుగు బడుల్లో చదివారు, నాన్నల తరం సగం సగం, ఇప్పుడు పిల్లలంతా ఇంగ్లీషు మీడియం. మాట అందరికీ వచ్చు, అక్షరం కొందరికే వచ్చు. భూమి కాగితం, తహసీల్ నోటీసు, పంచాయతీ కాగితం వచ్చేది మాత్రం ఒడియాలోనే. మహారాష్ట్రలో సిరొంచ, ధర్మాబాద్ వైపు తెలుగువాళ్లదీ ఇదే కథ, వాళ్లకి సాత్‌బారా (అక్కడి భూమి కాగితం) మరాఠీలో వస్తుంది. వాళ్లు బడిలో హిందీ చదివి ఉంటారు కాబట్టి దేవనాగరి కూడబలుక్కోగలరు, కాస్త నయం.

ఒడియా లిపి కష్టమని భయపడేవాళ్లంతా దాన్ని కొత్త లిపిలాగా చూస్తారు. వర్ణమాల వరస మనదే: క ఖ గ ఘ, చ ఛ జ ఝ. గుణింతం ఉంది, ఒత్తులు ఉన్నాయి, ళ కూడా ఉంది. పైగా ఎ-ఏ, ఒ-ఓ తేడాలు అక్కడ లేవు, మనకంటే అచ్చులు తక్కువ. మరి ఎక్కడ తడబడతాం అంటే, తెలుగు చదివేటప్పుడు మన కన్ను పైకి, తలకట్టు దగ్గరికి పోతుంది. ఒడియాలో చాలా అక్షరాలకి పైభాగం ఒకటే గుండ్రటి వంపు, తేడా అంతా కింది సగంలో ఉంటుంది. పేజీ మీద స్కేలు పెట్టి పై సగం కప్పేసి కింది సగం మాత్రమే చూస్తూ అక్షరాలు గుర్తుపట్టడం మొదలుపెట్టు. నా దగ్గరికి వచ్చే కుర్రాళ్లకి ఇదే చెబుతాను, వారం పది రోజుల్లో దుకాణాల బోర్డులు చదివేస్తుంటారు.

ఇంకో రెండు కిటుకులు. మనం వ అనుకునే చోట వాళ్లు బ పలుకుతారు, అలాగే రాస్తారు, అందుకే వంశధార అక్కడ బంశధార. మనం య అనుకునే చాలా చోట్ల జ వస్తుంది. ఇక అంకెలు: ఒడియా నాలుగు చూడ్డానికి పైన విడిపోయిన ఎనిమిదిలా ఉంటుంది. పాత చేతిరాత పట్టాల్లో ఈ ఒక్క అంకె దగ్గరే ప్లాట్ నంబర్లు తారుమారు చేసుకున్నవాళ్లని చూశాను. కాబట్టి అక్షరాల కంటే ముందు అంకెలు నేర్చుకో, ఒక సాయంత్రం చాలు. తర్వాత మీ ఇంట్లో వాళ్ల పేర్లు, చుట్టాల పేర్లు, మీ వీధి పేరు ఒడియా అక్షరాల్లో రాయి. పరాయి భాష మాటలతో మొదలుపెడితే అర్థం, అక్షరం రెండూ ఒకేసారి మోయాలి, తెలిసిన పేర్లయితే అక్షరం ఒక్కటే. రైల్వే స్టేషన్ బోర్డు మీద ఒడియా, హిందీ, ఇంగ్లీషు మూడూ ఉంటాయి, పర్లాకిమిడి నుంచి గుణుపూర్ దాకా ఉన్న స్టేషన్లు నీకు ఉచిత ట్యూషన్. ఫోన్‌లో కెమెరా పెడితే చదివేసే యాప్‌లు ఉన్నాయి కదా అంటావేమో. అచ్చు కాగితానికి పర్వాలేదు, అమీన్ (భూమి కొలిచే ఉద్యోగి) చేతిరాత దగ్గర అవి చేతులెత్తేస్తాయి.

గిడుగు రామమూర్తి పంతులుగారు మా పర్లాకిమిడిలో మాస్టారుగా ఉంటూ సవరల భాష నేర్చుకుని దానికి నిఘంటువు, వ్యాకరణం తయారుచేశారు. ఆయన నేర్చుకునేనాటికి ఆ భాషకి సొంత లిపి కూడా లేదు. మనకి అచ్చేసిన వర్ణమాల ఎదురుగా ఉండి కూడా రాదనుకోవడం ఏం బాగుంటుంది చెప్పు.

అక్షరాలు వచ్చాక మొట్టమొదట చదవాల్సింది మీ ఇంటి పట్టా, అంటే ఆర్.ఓ.ఆర్. (భూమి హక్కుల రికార్డు). మొదటి పేజీలో మౌజా (రెవెన్యూ గ్రామం), థానా, తహసీల్, జిల్లా ఉంటాయి. కింద ఖాతా నంబరు. ఆ కింద రైతు పేరు, తండ్రి పేరు, జాతి, నివాసం. జాతి అంటే కులం అన్నమాట, దీని సంగతి మళ్లీ చెబుతాను. తర్వాత స్వత్వం అని ఒక గడి ఉంటుంది, అందులో స్థితిబాన్ అని ఉందా లేదా చూడు. స్థితిబాన్ అంటే పక్కా హక్కు ఉన్న రైతు. అక్కడ గానీ ఖాతా దగ్గర గానీ రఖిత అనో, అనాబాదీ అనో, సర్వసాధారణ అనో కనిపిస్తే అది సర్కారు భూమి. ఎంత మంచి రోడ్డు పక్కన ఉన్నా, ఎంత తక్కువకి వస్తున్నా, అమ్మేవాడు ముప్పై ఏళ్లుగా అక్కడే సాగు చేస్తున్నా సరే, అది అతనిది కాదు. రెండో పేజీలో పట్టిక ఉంటుంది: ప్లాట్ నంబరు, కిసమ్, నాలుగు హద్దులు, విస్తీర్ణం ఎకరాల్లో, డిసిమిల్‌లో. డిసిమిల్ అంటే కంగారు పడకు, ఎకరంలో నూరో వంతు, మన సెంటే. కిసమ్ అంటే భూమి రకం. ఘరబారి అని ఉంటే ఇంటి స్థలం. శారద అని ఉంటే వరి పొలం. పొలం మీద ఇల్లు కట్టాలంటే ఒడిశా భూ సంస్కరణల చట్టం 8-ఎ సెక్షన్ కింద తహసీల్‌లో ఇంటి స్థలంగా మార్పించుకోవాలి, దీన్నే కన్వర్షన్ అంటారు. లేకపోతే బ్యాంకు లోను దగ్గర ఆగిపోతావు.

ఒకాయన రిటైరయ్యాక ఇల్లు కట్టుకుందామని స్థలం బేరం చేసుకుని కాగితాలు కాపీ తీయించడానికి వచ్చాడు. బ్రోకరు పక్కనే ఉన్నాడు, తెల్ల చొక్కా, చేతిలో రెండు ఫోన్లు. నేను రెండో పేజీ గాజు మీద పెడుతూ "కిసమ్ శారద అని ఉంది, కన్వర్షన్ అయిందా అండీ" అని మామూలుగానే అడిగాను. బ్రోకరు నా వైపు చూసిన చూపు చూడాలి. పెద్దాయన మాత్రం చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, ఆ కాగితం తీసుకుని ఆ గడి మీద వేలు పెట్టి "ఇదేనా" అన్నాడు. బేరం ఆగలేదు, కన్వర్షన్ అమ్మేవాడే చేయించి ఇచ్చేటట్టు ఒప్పందం మారింది. ఒక్క మాట చదివినందుకు అతనికి మిగిలింది అది.

జాతి గడి గురించి చెబుతానన్నాను కదా. గుణుపూర్ రాయగడ జిల్లాలో ఉంది, అది ఒకప్పుడు కొరాపుట్ జిల్లాలో భాగం, ఆ పాత జిల్లా అంతా షెడ్యూల్డ్ ప్రాంతమే. అక్కడ ఆదివాసీ భూమిని ఆదివాసీ కానివాళ్లు కొనడం కుదరదు, 1956 నాటి రెగ్యులేషన్ 2 ఉంది, 2002లో దాన్ని ఇంకా బిగించారు. ఆంధ్ర వైపు 1/70 చట్టం తెలిసిన వాళ్లకి ఇది సులువుగానే అర్థమవుతుంది. మా పర్లాకిమిడి టౌను షెడ్యూల్డ్ ప్రాంతంలోకి రాదు గానీ గుమ్మ, రాయగడ బ్లాకులు, ఆర్.ఉదయగిరి వస్తాయి. (ఈ రాయగడ మా గజపతి జిల్లాలో బ్లాకు, మీ జిల్లా కేంద్రం కాదు, ఈ రెండిటితో కొరియర్ వాళ్లు కూడా తికమకపడతారు.) షెడ్యూల్డ్ కాని చోట్ల కూడా ఎస్సీ, ఎస్టీ భూమిని ఇతరులు కొనాలంటే భూ సంస్కరణల చట్టం 22వ సెక్షన్ కింద అధికారి అనుమతి కావాలి. "స్టాంపు కాగితం మీద రాసుకుందాం, స్వాధీనం మీదే" అని ఎవరైనా అంటే టీ తాగేసి లేచి వచ్చేయ్. రిజిస్ట్రేషన్ జరిగిన భూమికైనా మ్యుటేషన్ (రికార్డులో పేరు మార్పు) అయి కొత్త ఆర్.ఓ.ఆర్. నీ పేరు మీద వచ్చేదాకా పని అయిపోయినట్టు కాదు. ఆ తర్వాత ఏటా ఆర్.ఐ. (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) ఆఫీసులో ఖజానా, అంటే భూమి శిస్తు, కట్టిన రసీదులు ఒక కవరులో వేసుకుంటూ పో.

భూమి తర్వాత నా దగ్గర ఎక్కువ ఏడుపులు పేర్ల దగ్గర. మన తెలుగువాళ్లకి ఇంటిపేరు ముందు, అదీ పొడి అక్షరంలో. ఒడిశా ఫారాల్లో ఇంటిపేరు చివర. అప్పారావు గారి పేరు ఒక కాగితంలో అప్పారావు, ఇంకో దాంట్లో అపా, ఇంటిపేరు గడిలో రావు! కొడుకు సర్టిఫికెట్‌లో తండ్రి పేరుకి ఒక పి, ఆధార్‌లో రెండు పి లు. లక్ష్మి అనే పేరు ఇంగ్లీషులో ఎక్స్‌తో ఒక చోట, కేఎస్‌హెచ్‌తో ఒక చోట, ఒడియా ఆపరేటర్ చెవికి వినపడినట్టు కొడితే లఖ్మీ అని మూడో చోట. వినడానికి నవ్వొస్తుంది, పెన్షన్ ఆగినప్పుడు నవ్వు రాదు. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చుకోనిస్తారు, పుట్టిన తేదీ ఒక్కసారే. అందుకని ఆపరేటర్ "ఓకేనా" అని స్క్రీన్ తిప్పినప్పుడు అవును అని తల ఊపేయకుండా ఒక్కో అక్షరం వేలు పెట్టి చదువు. వెనక క్యూ ఉంది అని మొహమాటపడకు, వాళ్లు ఆగుతారు.

నీకు పెళ్లయి పిల్లలు పుట్టినప్పుడు గుర్తుపెట్టుకో: జననం 21 రోజుల్లోపు నమోదు చేయిస్తే పైసా ఖర్చు లేదు, ఏడాది దాటితే మెజిస్ట్రేట్ ఆర్డరు దాకా పోవాలి. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టిన పిల్లలకి పుట్టిన తేదీకి బర్త్ సర్టిఫికెట్టే ఆధారం. బడిలో చేర్చడం దగ్గర్నుంచి పాస్‌పోర్టు దాకా అదే. కాబట్టి పేరు ఎలా రాయాలి, ఇంటిపేరు పూర్తిగానా పొడి అక్షరమా, ముందా వెనకా అన్నది మొగుడూ పెళ్లాం ముందే కూర్చుని తేల్చుకుని ఒక చీటీ మీద రాసి తీసుకెళ్లండి. ఆస్పత్రిలో మావయ్యకి అప్పజెప్పే పని కాదిది.

ఇప్పుడు పాస్‌బుక్. ఇది చదవడం అందరికీ వచ్చు అనుకుంటారు, చూసేది మాత్రం ఆఖరి వరసలో బ్యాలెన్స్ ఒక్కటే. ఒకావిడ భర్త పోయాడు, కూలి పని మనిషి, నలభై దాటి ఉంటాయేమో. డెత్ సర్టిఫికెట్ కాపీలు కావాలని వచ్చింది, అతని పాస్‌బుక్ కూడా తెచ్చింది, ఖాతాలో ఉన్న కొద్దిపాటి డబ్బు తీసుకోవడానికి. పేజీలు తిప్పి గాజు మీద పెడుతుంటే మే నెల చివర 436 రూపాయలు కోత కనపడింది. "ఇదేంటమ్మా" అంటే "ఏటా ఏదో కోస్తారు బాబూ, బ్యాంకు వాళ్లది" అంది. అది బ్యాంకు వాళ్లది కాదు, ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా. ఏ కారణంతో పోయినా నామినీకి 2 లక్షలు వస్తాయి. ఆవిడకి తెలీదు, అతను చెప్పలేదు, అతనికైనా తెలుసో లేదో, ఖాతా తెరిచేటప్పుడు ఎవరో సంతకం పెట్టించి ఉంటారు. క్లెయిము ఫారం ఆ పూటే నింపి బ్రాంచికి పంపించాను, కాస్త తిరగాల్సి వచ్చింది గానీ డబ్బు వచ్చింది.

అందుకని ఊరు వెళ్లినప్పుడు అమ్మా నాన్నల పాస్‌బుక్ ఎంట్రీ వేయించి మే, జూన్ పేజీలు చూడు. 436 అంటే జీవన్ జ్యోతి, 18 నుంచి 50 ఏళ్ల లోపు చేరొచ్చు, 55 దాకా నడుస్తుంది. 20 రూపాయలు అంటే సురక్షా బీమా, ప్రమాదానికి 2 లక్షలు, 70 ఏళ్ల దాకా. 2022కి ముందు ఇవే 330, 12 రూపాయలు. మే చివర ఖాతాలో డబ్బు లేకపోతే కోత పడదు, కోత పడకపోతే బీమా లేదు, ఎవరూ ఫోన్ చేసి చెప్పరు. మొదటి పేజీలో నామినేషన్ ఉందో లేదో కూడా చూడు. ఇంకో సంగతి, నామినీ అంటే డబ్బు చేతికి తీసుకునే మనిషే తప్ప సొంతదారు కాదు, వారసుల వాటా వారసులదే. అన్నదమ్ములు నా కొట్టు ముందు కొట్టుకున్నంత పని చేసింది ఈ ముక్క తెలియకే. పదేళ్లు ఎవరూ కదపని డబ్బు రిజర్వు బ్యాంకు నిధికి పోతుంది, అలా పోయినవి వెతుక్కోవడానికి ఉద్గమ్ అని రిజర్వు బ్యాంకు పోర్టల్ 2023లో వచ్చింది. తాతగారి పేరు కొట్టి చూడు, పోయేదేముంది.

వేలిముద్రతో డబ్బు తీసే చోట ఒక జాగ్రత్త. "సర్వర్ లేదు, మళ్లీ పెట్టమ్మా" అంటే మళ్లీ పెట్టే ముందు మొదటిసారి సంగతేమైందో చీటీ అడగాలి. చీటీ ఇవ్వకపోతే వేలు పెట్టకూడదు. నీకు దూరంగా ఉన్న అమ్మ కోసం అయితే ఆధార్‌లో బయోమెట్రిక్ లాక్ పెట్టి, డబ్బు కావాల్సిన రోజు మాత్రం తెరువు. ఫోన్‌లో యూపీఐ పిన్ కొడితే డబ్బు పోవడమే, రావడానికి పిన్ అక్కర్లేదు. పోయిందని తెలిసిన నిమిషమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యి, సిగ్గుపడుతూ రేపటిదాకా ఆగితే ఆ డబ్బు నాలుగు ఖాతాలు మారిపోతుంది.

మా వృత్తి రహస్యాలు రెండు చెబుతాను, ఇవి ఎవరూ చెప్పరు. ఏటీఎం చీటీ, బిల్లు మిషన్ చీటీ, ఇవన్నీ వేడికి నల్లబడే కాగితం మీద అచ్చవుతాయి. కొన్ని నెలల్లో తెల్లగా అయిపోతాయి. వారంటీ బిల్లు గానీ డబ్బు కట్టిన చీటీ గానీ ఆ రోజే జెరాక్స్ తీయించు, లేదా ఫోటో తీసుకో. భద్రంగా ఉంటుందని లామినేషన్‌కి ఇస్తే అంతే సంగతులు, మిషన్ వేడికి మొత్తం నల్లబొగ్గు అయి బయటికి వస్తుంది. రెండోది, అసలు సర్టిఫికెట్లు లామినేషన్ చేయించకు. రేపు దాని వెనకాల ఎవరైనా సీలు వెయ్యాలన్నా, రాసి సంతకం పెట్టాలన్నా కుదరదు. నా వ్యాపారానికి నష్టమే, అయినా వచ్చినవాళ్లకి ఇదే చెబుతాను. ప్లాస్టిక్ కవరు ఫైలు కొను. ఆధార్ కాపీ ఎవరికిచ్చినా దాని మీద అడ్డంగా ఎందుకిచ్చావో, ఏ తేదీన ఇచ్చావో రాసి ఇవ్వు.

ఆఫీసులో ఏ అర్జీ ఇచ్చినా రెండు కాపీలు పట్టుకెళ్లు, రెండోదాని మీద సీలు, తేదీ వేయించుకో. మా వైపు దీన్ని రిసీవింగ్ అంటాం. "మాది చిన్న ఆఫీసు, ఇక్కడ సీలు లేదు" అంటే చిరునవ్వుతోనే "సంతకం, తేదీ చాలండి" అను, కాసేపటికి సీలు దొరుకుతుంది. రిసీవింగ్ ఉన్న అర్జీకి, లేని అర్జీకి ఉన్న తేడా నెల తర్వాత తెలుస్తుంది. అప్పటికీ ఉలుకూ పలుకూ లేకపోతే, ఫలానా తేదీన ఇచ్చిన నా అర్జీ మీద ఏం చేశారని సమాచార హక్కు కింద 10 రూపాయల ఫీజుతో అడుగు. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఒడిశాలో దానికి ఫారం-ఎ అని ఉంటుంది, తెల్లకాగితం మీద రాసి ఇస్తే తిప్పి పంపుతారు, ఆ ఫారం నింపి గుర్తింపు కార్డు కాపీ జతచెయ్యి.

ఇంట్లో వస్తువుల మీద రాసినవి కూడా ఇదే లెక్క, గబగబా చెప్పేస్తాను. మందుల షాపులో స్ట్రిప్ కత్తిరిస్తే ఎక్స్‌పైరీ తేదీ ఉన్న ముక్క నువ్వు తీసుకో, మాత్రలు రెండో చివర నుంచి తీస్తూ రా. పేరు కాదు, పేరు కింద చిన్నక్షరాల్లో ఉన్న మందు చదువు. జ్వరానికి ఒకటి, జలుబుకి ఒకటి అని రెండు రకాలు తెచ్చుకుంటారు, రెండిట్లోనూ పారాసిటమాల్ ఉంటుంది. పెద్దవాళ్లకి రోజుకి 4 గ్రాములు దాటకూడని మందు అది. ఓఆర్ఎస్ పెద్ద పొట్లం లీటరు నీళ్లకి. మా వైపు ఎండాకాలం విరోచనాలప్పుడు సగం ఇళ్లలో దాన్ని గ్లాసు నీళ్లలో కలిపి పట్టిస్తారు, అది మేలు కంటే కీడు. గ్యాస్ సిలిండర్ పైన పట్టీ లోపలి వైపు ఎ, బి, సి, డి లో ఒక అక్షరం, పక్కన ఏడాది ఉంటాయి: ఎ అంటే జనవరి-మార్చి, అలా మూడు నెలల చొప్పున. ఆ గడువు దాటిన సిలిండర్ తీసుకోకు. ఖాళీ బరువు కూడా దాని మీదే ఉంటుంది, దానికి 14.2 కిలోలు కలిపితే తూకం రావాలి. బరంపురంలో బంగారం కొన్నప్పుడు నగ మీద అక్షరాలు, అంకెలు కలిపి ఆరు ఉండే హెచ్‌యుఐడి (ఆ నగ గుర్తింపు కోడ్) ఉంటుంది, 2023 ఏప్రిల్ నుంచి అది లేకుండా హాల్‌మార్క్ నగ అమ్మకూడదు. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ ఆరు కొడితే నగ రకం, స్వచ్ఛత చూపిస్తుంది. షాపులోనే కొట్టి చూడు, వాళ్లేమీ అనుకోరు. కరెంటు బిల్లు వచ్చినరోజు బయటికి వెళ్లి మీటరు చూడు, రెండు రీడింగులూ దగ్గరగా ఉన్నాయో లేదో. 75 వాట్ల పాత ఫ్యాను రోజుకి పన్నెండు గంటలు తిరిగితే ఒక యూనిట్‌కి కాస్త తక్కువ, ఈ లెక్క వస్తే బిల్లు ఎందుకు పెరిగిందో ఎవర్నీ అడగక్కర్లేదు.

నీ ప్రశ్న కింద ఇంకొకరు, హైదరాబాద్‌లో కూర్చుని ఊళ్లో భూమి కాగితం చూడటం ఎలా అని అడిగారు. ఒడిశా భూలేఖ్ సైట్‌లోకి వెళ్లి జిల్లా, తహసీల్, గ్రామం ఎంచుకుంటే ఖాతా నంబరుతో, ప్లాట్ నంబరుతో లేదా రైతు పేరుతో వెతకొచ్చు. మొదటి రెండూ ఎవరైనా చేస్తారు. పేరుతో వెతికితే వచ్చే జాబితా మొత్తం ఒడియా లిపిలో ఉంటుంది, వరస మన వర్ణమాల వరసే. మీ తాతగారి పేరు మీద ఇంకా మార్పించని ముక్కలు ఏవైనా ఉంటే బయటపడేది ఆ జాబితాలోనే, కాబట్టి తాతగారి పేరు, ఆయన తండ్రి పేరు ఒడియాలో రాసిపెట్టుకుని దాని ముందు కూర్చో. సైట్ నుంచి తీసిన ప్రింటు చూసుకోవడానికే, బ్యాంకుకి గానీ కోర్టుకి గానీ తహసీల్ నుంచి సర్టిఫైడ్ కాపీ కావాలి. పెళ్లిళ్ల సీజన్‌లో, నెల మొదటి వారంలో అక్కడ జనం ఎక్కువ. మధ్యలో ఏదో ఒక బుధవారం పెట్టుకో.